పావలా వడ్డీ మిద్దె

బాడుగకు ఇచ్చే ఇల్లు ముందుగా ఒక అట్టముక్కగా కంటపడుతుంది. కడప జిల్లా పులివెందులలోనో వేంపల్లెలోనో కొత్తగా లేచిన వీధిలో, గేటు చువ్వకు పురికొసతో కట్టిన అట్ట. ఫ్యాను వచ్చిన డబ్బా చింపి, వెనకవైపు మార్కరుతో ‘టులెట్’ అని రాసి, కింద ఫోన్ నంబరు వేస్తారు. రెండు వానలు పడేసరికి ఆ నంబరులో చివరిది మూడో ఎనిమిదో తెలియకుండా పోతుంది. ఎవరూ దిద్దరు. ఇల్లు కావలసిన మనిషి ఎలాగూ ఎదురింటి అరుగు మీద కూచున్న ముసలమ్మనే అడుగుతాడు కదా! 40 లక్షలు పోసి కట్టిన మిద్దెకు ఆ అట్ట కాపలా. అదే వీధి చివర అంగడాయన అంతే డబ్బును నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుతుంటాడు. ఆయనకు సున్నం కొట్టించే పని లేదు, మోటారు కాలిపోతుందన్న దిగులు లేదు. మరి మిద్దె కట్టినాయనకు ఆ లెక్క తెలియదా? తెలిసే కట్టాడా? బాడుగ ఇంటి మీద డబ్బు పెడదామని కూర్చున్న ఎవరికైనా మొదట అడ్డం తగిలేది ఈ ప్రశ్నే.

కోస్తాలో అద్దె అంటారు, తెలంగాణలో కిరాయి, రాయలసీమలో బాడుగ. తమిళుల వాడగై, కన్నడిగుల బాడిగె దీని చుట్టాలే. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువులోనూ ఈ మాట ఉంది. ఇది ఒక్క ఇంటికే కట్టుబడిన మాట కాదు. బండి బాడుగ, ఎద్దుల బాడుగ, ఇప్పుడు ట్రాక్టరు బాడుగ, జేసీబీ బాడుగ. బండిని బాడుగకు తోలేవాడు ఎద్దుల మేత, ఇరుసుకు కందెన, చక్రం పట్టా అరుగుదల తీసేసి గానీ మిగులు చెప్పడు. ఇంటికి వచ్చేసరికి ఆ పద్ధతి ఎక్కడికి పోతుందో తెలియదు. “నెలకు పన్నెండు వేలు వస్తాండాది” అని చెప్పుకోవడమే గానీ, ఆ పన్నెండు వేలలో ఇల్లు ఎంత మేసిందో చెప్పేవాళ్లు తక్కువ.

ఒక మామూలు లెక్క వేసి చూడవచ్చు. స్థలం, కట్టుబడి కలిపి 40 లక్షలయిన ఇంట్లో రెండు పోర్షన్లు. ఒక్కొక్కటి నెలకు 6,000. ఏడాదికి 1,44,000 రావాలి. ఇల్లు మారే మధ్యలో రెండు పోర్షన్లూ తలా ఒక నెల ఖాళీగా ఉంటే 12,000 పోతుంది. ఇంటిపన్ను, కొళాయి, మోటారు రిపేరు, నాలుగేళ్లకోసారి వేయించే రంగుకు ఏటా పక్కన పెట్టవలసింది కలిపి ఇంకో 12,000. మిగిలేది 1,20,000. నలభై లక్షల మీద అది ఏడాదికి 3 శాతం. సీమ భాషలోకి మారిస్తే నూటికి నెలకు 25 పైసలు, అంటే పావలా వడ్డీ. ఈ మాట ఇక్కడివాళ్లకు కొత్తది కాదు. పులివెందుల నుంచి గెలిచి 2004లో ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పొదుపు సంఘాల ఆడవాళ్లకు అప్పు భారం పావలాకు దించిన పథకానికి అదే పేరు. అప్పు తీసుకునేవారికి పావలా వడ్డీ వరం. అప్పు ఇచ్చేవారికి? మిద్దె కట్టి బాడుగకు ఇచ్చిన మనిషి, ఒకరకంగా, ఊళ్లో ఎవరూ ఇవ్వనంత తక్కువ వడ్డీకి తన సొమ్మును తన గోడలకే అప్పిచ్చిన మనిషి.

అయినా కడతారు. ఎందుకని? రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం. అది వినడానికి బాగుంటుంది గానీ, తీసుకున్నవాడు ఒకరోజు దివాలా తీసి ఐపీ పెట్టాడంటే అసలుకే నీళ్లొదులుకోవాలి. బ్యాంకులో వేస్తే 7 శాతం చొప్పున నూటికి నెలకు 58 పైసలు వస్తాయి, అసలు భద్రంగా ఉంటుంది, కానీ పదేళ్ల తర్వాత ఆ అసలుతో అంత స్థలం రాదు. మిద్దె వేసినవాడు పావలాను చూసి కట్టడు, మిద్దె కింద ఉన్న నాలుగు సెంట్ల నేలను చూసి కడతాడు. పైన గోడలు ఏటా పాతబడతాయి, కింద నేల ధర పెరుగుతుందని ఆశ. బాడుగ ఆ నేలకు కాపలా జీతం లాంటిది. కూతురి పెళ్లికి పసుపు కుంకుమ కింద రాసివ్వడానికి, ముసలితనంలో కొడుకు ముందు చెయ్యి చాచకుండా మందుల ఖర్చుకు, నలుగురిలో ‘ఇల్లుగల ఆసామి’ అనిపించుకోవడానికి కూడా ఆ మిద్దే కావాలి. వీటికి శాతాలు కట్టలేం. కానీ శాతాలు కట్టగలిగిన భాగాన్నయినా కట్టకుండా దిగడం పొరపాటు.

మొదటి ఇల్లు ఎక్కడ అన్నది తర్వాతి ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద బాడుగ ఇళ్లలో ఉన్న కుటుంబాలు 11 శాతం. పట్టణాల్లో 27.5 శాతం, పల్లెల్లో 3.4 శాతమే. పల్లెలో నూరు గడపలుంటే మూడో నాలుగో బాడుగవన్నమాట. చక్రాయపేట లాంటి మండల కేంద్రంలో ఆ నాలుగైనా ఎందుకున్నాయి? 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలను తీసేసి మండలాలు పెట్టడంతో, ఒకప్పుడు తాలూకా కేంద్రం దాటి రాని ఆఫీసులు పల్లె గుమ్మంలోకి వచ్చాయి. మండలాఫీసు, పోలీసు స్టేషను, బ్యాంకు, హైస్కూలు వచ్చాక బయటి ఊరి ఉద్యోగికి ఒక గది, వంటిల్లు కావలసి వచ్చింది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఇంకొందరు కుర్రవాళ్లను తెచ్చాయి. అయితే ఆ వచ్చినవాళ్లలో అందరూ ఊళ్లో కాపురం పెట్టరు. మోటారు సైకిలు చవకై, రోడ్డు బాగుపడ్డాక, పిల్లల బడి కోసమని వేంపల్లెలోనో రాయచోటిలోనో కడపలోనో ఉండి పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారే ఎక్కువగా కనిపిస్తారు. మండల కేంద్రంలో బాడుగలకు ఊపిరి పోసింది ఆఫీసు. ఆ ఊపిరిలో సగం పట్టుకుపోయింది రోడ్డు. ఇక్కడ కట్టేవారు ఉద్యోగుల సంఖ్యను చూడకూడదు, సాయంత్రం ఏడు దాటాక ఊళ్లో మిగిలే ఉద్యోగులను లెక్కపెట్టుకోవాలి.

ఫలానాది వస్తోందట అనే మాట మీద స్థలం కొనడం ఈ ప్రాంతపు పాత జబ్బు. ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. వేల మంది పిల్లలు చదువుతున్నారు. చుట్టుపక్కల గదులు కట్టిస్తే చాలనిపిస్తుంది. కానీ ఆ చదువే హాస్టల్లో ఉండి చదివేది, పిల్లలు ఉండేది ఆవరణ లోపల. బాడుగ గదికి వచ్చేది ఏ కొందరో. పిల్లలు బయట ఉండి చదివే కాలేజీ, పిల్లలందరినీ లోపలే ఉంచుకునే కాలేజీ బోర్డు మీద ఒకేలా కనిపిస్తాయి, ఇల్లుగల ఆసామికి మాత్రం రెండింటికీ బోలెడు తేడా. క్వార్టర్లు కట్టించే కర్మాగారాలదీ అదే తీరు. పర్మనెంటు ఉద్యోగి కాలనీలో ఉంటాడు, బాడుగకు వచ్చేది కాంట్రాక్టు కూలీ. అతని పని కాంట్రాక్టుతోపాటే పోతుంది. ఇక జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీ పేరిట 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో మరోసారి, 2023లో ఇంకోసారి కొబ్బరికాయలు కొట్టారు. కొట్టిన ప్రతిసారీ ఆ దారిలో సెంటు ధర మీద కబుర్లు లేచాయి. శంకుస్థాపన రాయి బాడుగ కట్టదు. ఫ్యాక్టరీ గేటులోకి మొదటి షిఫ్టు మనుషులు టిఫిన్ క్యారియర్లతో నడిచిన రోజున కొన్నా ఆలస్యమేమీ కాదు, కాస్త ధర ఎక్కువ పెట్టవలసి వస్తుందేమో, అంతే. ప్రొద్దుటూరు సంగతి వేరు. రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఆ ఊళ్లో బంగారం, బట్టల అంగళ్లు ఇవాళ పుట్టినవి కావు. అంగడి గుమాస్తాకు, కొలిమి పనివాడికి, ట్యూషన్ మాస్టరుకు బజారుకు నడిచిపోయే దూరంలో ఇల్లు కావాలి. అక్కడ స్థలం ధరా ఎక్కువే, కాబట్టి పావలా ఇంకా తగ్గుతుంది. కానీ అట్ట ఎక్కువ రోజులు వేలాడదు. ఖాళీ నెలలు లేని పావలా, ఖాళీ నెలలున్న ముప్పై పైసల కంటే నయం.

ఏం కట్టాలన్నదానికి జవాబు పాత మిద్దెల్లోనూ కొంత దొరుకుతుంది. దూలాలు, దంతెలు పరిచి, పైన చౌడు మన్ను వేసిన మిద్దెలో గవాక్షి గుండా మధ్యాహ్నపు వెలుగు గుండ్రంగా పడసాలలో పడేది. ఎండాకాలంలోనూ ఆ ఇంట్లో చల్లగా పడుకునేవారు. ఇప్పటి కాంక్రీటు మిద్దె కడప ఎండలో పెనంలా కాలుతుంది. రాత్రి పది దాటినా పై పోర్షనులో ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. పై పోర్షను మే నెలలో ఖాళీ అయిందంటే బాడుగ ఎక్కువై కాదు, మిద్దె మీద సున్నం కొట్టించకపోవడం వల్ల అని ఇల్లుగలవారికి తట్టదు. నేలకు టైల్స్ వేయించాలా, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే కడప బండలా? వచ్చి చూసే ఆడవాళ్లు టైల్స్ చూసి తల ఊపుతారు. బండలు మాత్రం ఇరవై ఏళ్లయినా పగలవు, నీళ్లు చల్లి తుడిస్తే కాళ్లకు చల్లగా తగులుతాయి. ముందుగదిలో టైల్స్, లోపల బండలు వేయించి చూడవచ్చినవారినీ ఇల్లుగలవారినీ ఒప్పించిన బేల్దారి మేస్త్రీలు ఉన్నారు. ఆ ఉపాయంలో తెలివి ఉంది. మూడు గదుల పెద్ద పోర్షను ఒకటి వేసేకంటే ఒక గది, వంటిల్లు, బాత్రూము ఉన్న చిన్నవి రెండు వేస్తే ఒకటి ఖాళీ అయినా రెండోది నడుస్తుంది. అలాగని మెట్ల కింద జాగాలోనూ ఒక గది ఇరికించి దానికీ అట్ట కడితే, అందులోకి ఆర్నెల్లకు మించి ఎవరూ నిలవరు.

నీళ్లు, కరెంటు అనే రెండు చిన్న సంగతులు బాడుగ ఇంటి శాంతిని నిలబెడతాయి, చెడగొడతాయి కూడా. మోటారు స్విచ్చి ఎవరి గోడకు ఉంది, పొద్దున ఎవరు వేయాలి, ట్యాంకు నిండి పొర్లినప్పుడు ఎవరు పరుగెత్తాలి? ఇవి ఒప్పంద పత్రాల్లో ఉండవు, గొడవలన్నీ ఇక్కడే. కరెంటు మీటరు సంగతి ఇంకా లోతు. 2022లో సవరించిన రేట్ల ప్రకారం రాష్ట్రంలో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 400 దాటాక యూనిట్ 9 రూపాయల 75 పైసలు. మెట్లు ఎక్కేకొద్దీ రేటు పెరిగే పద్ధతి కాబట్టి, మూడు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే అందరూ పైమెట్టు రేటు కడతారు. ఇంటావిడ గోడకు కొట్టిన సబ్ మీటరు చూసి, నోటుపుస్తకంలో ‘మేడ మీద సారు: 212’ అని పెన్సిల్‌తో రాసుకుంటుంది. నెలాఖరుకు 271 చూసి 59 యూనిట్లంటుంది. ఏ రేటున వసూలు చేయాలి? కింది మెట్టా, పై మెట్టా? ఇద్దరూ నిజాయితీపరులే అయినా ఆ 59 దగ్గర మాట పెరుగుతుంది. దీనికి తోడు సంక్షేమ పథకాలకు నెలకు 300 యూనిట్ల హద్దు పెట్టినప్పుడు, బాడుగ పోర్షనులో కాలిన కరెంటు ఇల్లుగలవారి ఖాతాలోకి చేరిన సందర్భాలున్నాయి. ఒకరి ఫ్రిజ్ ఇంకొకరి రేషన్ కార్డుకు ఎసరు పెడుతుందని ఎవరనుకుంటారు? పునాది రోజే పోర్షనుకొక మీటరుకు అర్జీ పెట్టుకోవడం కాస్త ఖర్చే, దాని తర్వాత నిద్ర పడుతుంది.

ఇవన్నీ స్థలం చేతికొచ్చాక. దానికి ముందు కాగితం ఉంది. మొదటిసారి కొనేవారు ఇంటిని చూసినంత సేపు కాగితాన్ని చూడరు. సీమలో ప్రతి గట్టు వెనకా ఒక పాత కథ ఉంటుంది. డి.కె.టి. పట్టా కింద పేదలకు ఇచ్చిన భూమి అమ్మకూడదని 1977లో వచ్చిన చట్టం చెప్పింది. అయినా తెల్లకాగితం మీద చేతులు మారి, ప్లాట్లుగా తెగి, మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి అది ఎవరి పేరున పుట్టిందో కూడా మరుగున పడుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22-ఏ జాబితా అడిగితే ఆ సర్వే నంబరు నిషేధంలో ఉందో లేదో తెలుస్తుంది. పాత ఊరి నడుమ గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు చాలాసార్లు రిజిస్టరు పత్రమే ఉండదు, తాతల నాటి నుంచి ఉంటున్నామన్న మాటే దస్తావేజు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం అలాంటి ఇళ్లకు కార్డులిచ్చే ప్రయత్నమే. ముప్పై ఏళ్ల వెనక్కి లింకు డాక్యుమెంట్లు, ఈసీ ఉన్నాయా, చెక్కుబందీలో రాసిన నాలుగు హద్దులు నేల మీద ఉన్న హద్దులతో సరిపోతున్నాయా లేదా అన్నది చూసుకోవాలి. ‘తూర్పున చింతమాను’ అని ఉంటే ఆ చింతమాను ఉందా? భాగపరిష్కారం జరిగిన ఆస్తి అయితే అక్కాచెల్లెళ్ల సంతకాలు అడగడానికి చాలామంది మొహమాటపడతారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన రాష్ట్ర సవరణతో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు, 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవారికీ ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. ఆ సంతకం అడగనందుకు కోర్టు మెట్లెక్కిన కొనుగోలుదారుకు మొహమాటం విలువ తెలుస్తుంది.

అప్పు తెచ్చి కొనవచ్చా? ఇళ్ల మీద పెట్టుబడి గురించి బయటి దేశాల నుంచి వచ్చే పుస్తకాలు సగం ఇక్కడే మొదలవుతాయి: బ్యాంకు డబ్బుతో కొను, బాడుగతో వాయిదా కట్టు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఈ సూత్రం చెప్పి పోతుంటారు. అక్కడ కుదురుతుందేమో. ఇక్కడి అంకెలు అందుకు ఒప్పుకోవు. 30 లక్షలు దాటిన గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. 40 లక్షల ఇంటికి 32 లక్షలు. మిగతా 8 లక్షలు, రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కు అయ్యే 7.5 శాతం ఖర్చు మరో 3 లక్షలు సొంతవే కావాలి. 8.5 శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ల గడువుకు 32 లక్షల మీద నెలవాయిదా 27,770 రూపాయల దాకా పడుతుంది. ఖర్చులు పోగా బాడుగ మిగిలేది 10,000. తక్కిన 17,000 చిల్లర జీతంలోంచో అంగట్లోంచో తేవాలి. 8.5 శాతమంటే నూటికి నెలకు 71 పైసలు. డెబ్బై ఒక్క పైసలకు తెచ్చి పావలాకు ఇవ్వడం వ్యాపారమేనా? స్థలం ధర ఏటేటా పెరిగితే సరిపోతుంది. పెరగకపోతే? నిబ్బరంగా చెప్పాలంటే, ఈ ఊళ్లలో తొలి బాడుగ ఇంటికి అప్పు ఎంత తక్కువైతే అంత మేలు. బాడుగతో తీరేటంత అప్పే, అంటే ఈ లెక్కలో పదకొండున్నర లక్షలు, దాని హద్దు. సొంతంగా ఉంటున్న ఇంటి మీద ఒక పోర్షను లేపడం, పూర్తిగా కొత్త ఇల్లు కొనడం కంటే మంచి మొదలు. స్థలం అప్పటికే ఉంది, కాగితం తేలి ఉంది, బాడుగవాళ్లు కళ్లముందే ఉంటారు. ఆ కట్టుబడి ఖర్చు మీద లెక్క వేస్తే పావలా కాస్తా అర్ధరూపాయి వైపు జరుగుతుంది.

ఇక మనిషి. అరుగు మీద పెద్దావిడకూ వచ్చిన కుర్రాడికీ నడిచే మాటలు ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటాయి. “ఇల్లు ఖాళీగా ఉందంట గదమ్మా?” “ఉండాది నాయనా. యా ఊరు మీది? ఏం పని?” “కలసపాడమ్మా. ఇస్కూల్లో సారుని.” “పెండ్లి అయిండాదా? ఎంతమంది ఉంటారు?” ఆ తర్వాత కాస్త ఆగి, గొంతు తగ్గించి, “మీరేమిటోళ్లు నాయనా?” ఇక్కడే ఎన్నో బాడుగలు తెగిపోతాయి. ఇంటికి మూడు నెలలుగా అట్ట వేలాడుతున్నా, నెల మొదటి తారీఖున జీతం పడే మనిషి గుమ్మంలో నిలబడ్డా, కులమో మతమో నచ్చక ‘మా చిన్నోడు వస్తానంటున్నాడు’ అని పంపేస్తారు. వచ్చినవాడు ఆ అబద్ధాన్ని గుర్తుపట్టి, నమస్కారం పెట్టి పోతాడు. అది తప్పన్నది ఒక మాట. పావలా వడ్డీ మీద బతికే మిద్దెకు మూడు నెలల ఖాళీ అంటే ఏడాది రాబడిలో నాలుగో వంతు. కులానికి కట్టే బాడుగ అంత ఖరీదు. అడగవలసిన ప్రశ్నలు వేరు: పాత ఇంటి ఆసామి ఏమంటాడు, జీతం ఏ తారీఖున, ఊళ్లో ఎన్నాళ్లుంటారు.

ఒప్పందం దగ్గరా ఇదే మొహమాటం. తెలిసినవాళ్లేగా అని నోటిమాటతో ఇస్తారు, లేదంటే స్టాంపు వెండరు దగ్గర అచ్చులో ఉన్న పదకొండు నెలల కాగితం తెస్తారు. పదకొండే ఎందుకంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించమంది కాబట్టి. పన్నెండేళ్లుంటే బాడుగదారుదే ఇల్లవుతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది, దానివల్లే తాళం వేసి ఉంచిన ఇళ్లూ ఉన్నాయి. 2011 లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు కోటీ పది లక్షలు. నిజానికి బాడుగ కడుతూ ఉన్నవాడు ఇల్లుగలవారి హక్కును ఒప్పుకుని ఉంటున్నవాడే, ఆ ఇంటిని తనదని అడిగే వీలు చట్టం ఇవ్వదు. కాగితం, బాడుగ బ్యాంకు ఖాతాలో పడిన గుర్తు ఉంటే చాలు. 1960 నాటి బాడుగల చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో కొత్తది తెచ్చుకుంది. 2021లో కేంద్రం పంపిన నమూనా చట్టం కాపురపు ఇంటికి రెండు నెలల బాడుగ మించి అడ్వాన్సు అడగవద్దంది. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టి వచ్చిన సీమ పిల్లలకు అది నమ్మశక్యం కాని మాట.

పన్ను పెద్ద బెడద కాదు. పురపాలికల్లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటిపన్ను బాడుగ విలువను బట్టి కాక ఆస్తి విలువను బట్టి పడుతోంది, కాబట్టి అట్ట వేలాడుతున్న నెలలకూ అదే పన్ను. ఆదాయపు పన్నులో బాడుగ నుంచి ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద, రిపేరు చేయించినా చేయించకపోయినా, వదిలేస్తారు. తిరకాసు కువైట్‌లో ఉన్న ఆసామికి. రాయచోటి, రాజంపేట, కడప వైపు గల్ఫ్ సొమ్ముతో లేచిన మిద్దెలకు లెక్కలేదు. అలాంటి ప్రవాసి ఇంట్లో ఉన్న బాడుగదారు, బాడుగ ఎంత తక్కువైనా, 30 శాతానికి పైగా పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టి మిగతాది ఇవ్వాలని చట్టం. అలా పట్టుకున్నది ఆసామి రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఈ నియమం ఇద్దరికీ తెలియకుండానే ఏళ్లు గడిచిపోతుంటాయి. బాడుగ వసూలు చేసే బావమరిదికి మాత్రం అన్నీ తెలుసు, ఖాళీ నెలలు ఎన్నో తప్ప.

ఆ ఖాళీ నెలలకు ఇక్కడ ఒక పంచాంగం ఉంది. బడులు జూన్‌లో తెరుస్తారు, బదిలీలు కూడా ఎక్కువగా ఎండాకాలం చివరనే. ఇల్లు మారేవారంతా జ్యేష్ఠమాసంలోనే మారాలని చూస్తారు. ఆషాఢం పడిందంటే పాలు పొంగించరు. కాబట్టి రంగు, కొళాయి, తలుపు గొళ్లెం పనులన్నీ మే నెలలోనే ముగించుకుని, జూన్ మొదటివారానికి గేటుకు అట్ట కట్టి ఉంచాలి. గండి వీరాంజనేయస్వామి గుడికి శ్రావణ శనివారాల జనం మొదలైతే గానీ చక్రాయపేటలో మళ్లీ ఎవరూ ఇల్లు వెతకరు. ఆషాఢంలో కట్టిన అట్టకు రెండు వానలు తప్పవు.